‘ఏదైనా పురుగుమందు’ అంటే ఏది సార్?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మిద్దె తోటల చిట్కాల పేజీ చూసినప్పటి నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. మందారానికి పిండినల్లి (తెల్లటి దూదిలా కొమ్మలకు పట్టే పురుగు) పడితే ‘దగ్గర్లోని షాపులో దొరికే ఏదైనా పురుగుమందు’ నీళ్లలో కలిపి కొట్టమన్నారు. ఏదైనా అంటే ఏది? ఎన్ని నీళ్లకు ఎంత? మందారం పక్క కుండీలోనే పాలకూర ఉంటుందనీ, సాయంత్రమే దాన్ని కోసి పప్పులో వేసుకుంటామనీ రాసినవారికి ఎవరూ చెప్పలేదా?

మా ఊళ్లో పూలమొక్కకు మందు కావాలని అడిగితే డబ్బా ఇవ్వరు. కూల్‌డ్రింక్ సీసాలో ఇంత ఒంపి చేతిలో పెడతారు. పేరు లేదు, గడువు తేదీ లేదు. ‘మూతతో కొలిచి పోయండమ్మా, గట్టిగా పనిచేయాలంటే ఇంకో మూత’ అన్నదే మోతాదు. అసలు డబ్బా మీదైతే డైమండ్ గుర్తు, దాని కింది సగంలో రంగు ఉంటాయి. ఎరుపు అన్నిటికన్నా తీవ్రమైన విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రానివాళ్లు కూడా పోల్చుకోగలిగిన ఏర్పాటు అది. సీసాలోకి ఒంపగానే రంగూ పోయింది, విరుగుడు వివరమూ పోయింది. రేపు ఏ పిల్లవాడో అది తాగితే డాక్టరుకు ఏం చెప్పాలి, ‘తెల్లగా ఉండే మందు’ అనా?

1968 నుంచి పురుగుమందుల చట్టం ఉంది, తనిఖీ చేయాల్సిన ఇన్‌స్పెక్టర్లూ ఉన్నారు. బొద్దింకలకని ఒకప్పుడు ఇంటింటా కొట్టిన డైక్లోర్వాస్‌ను 2018లో ఉత్తర్వు ఇచ్చి, 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించారు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయల మీద కొట్టకూడదని అంతకు ఎంతో ముందే చెప్పారు. ఇవన్నీ కాగితాల మీద భద్రంగానే ఉన్నాయి.

నిజానికి పిండినల్లికి ఇంత విషం అక్కర్లేదు. అది వదిలే తీపి బంక కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, మొక్క నుంచి మొక్కకు మోసుకెళ్తాయి. ముందు చీమల దారి ఆపాలి. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి, మిగతా మొక్కను నీళ్లతో గట్టిగా కడగాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి పొద్దువాలాక కొట్టాలి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. గుడ్లు దూది లాంటి సంచిలో దాక్కుంటాయి కాబట్టి వారానికి మళ్లీ కొట్టక తప్పదు. సబ్బు కలపకపోతే నూనె నీటి మీద తేలుతుంది, అప్పుడు ‘వేపనూనె పనిచేయదు’ అంటారు!

ఇళ్ల లోపల సంగతి ఇంకా ఘోరం. బొద్దింకలకు ఎరగా విషపు జెల్ పెట్టించి, మర్నాడే దాని మీద స్ప్రే కొట్టేవాళ్లున్నారు. ఆ వాసనకు బొద్దింక జెల్ దగ్గరికే రాదు. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను ఇంట్లో బియ్యం డబ్బాలో వేసుకునేవాళ్లూ ఉన్నారు. గాలిలో తేమ తగిలినా చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ అనే ప్రాణాంతక వాయువు వస్తుంది. 2024 నవంబరులో చెన్నై దగ్గర కుండ్రత్తూరులో ఎలుకల కోసం ఇంట్లో పెట్టించిన మందు వల్ల ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. రెండు రోజులు చర్చించుకున్నాం, మర్చిపోయాం.

ఇక దోమల పొగ. ఎవరైనా పెద్దవారు వస్తున్నారంటేనే మా వీధికి ఆ బండి వస్తుంది. పొగ ఎగిరే దోమలను చంపుతుందేమో గానీ నీళ్లలోని దోమ పిల్లలను ఏమీ చేయలేదు. డెంగీ దోమ పగలు కుడుతుంది, కూలర్‌లో, కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీళ్లలో పుడుతుంది. ‘శుక్రవారం డ్రై డే’, అంటే నిలవ నీళ్లు పారబోసే రోజు, అని గోడల మీద రంగులతో రాయించారు, బాగుంది. ఆ గోడ వెనకే, అది రాయించిన ఆఫీసు వారి పాత టైర్లు వాన నీటితో నిండి ఉన్నాయి. డ్రై డే ప్రజలకు మాత్రమే కాబోలు.

అధికారులను అడిగి లాభం లేదని తెలిసే మీకు రాస్తున్నాను. మీ చిట్కాకు సవరణ వేయండి. అదే అనుబంధంలో, అదే సైజు అక్షరాల్లో వేయండి, టెండరు ప్రకటనల కింద కాదు.

– మిద్దె తోట పెంచుకునే ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా