బండి అమ్మే ముందు నీ చేతుల సంగతి చూద్దాం

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. తెల్లవారుజామున ఎడమ చెయ్యి మొద్దుబారి మెలకువ రావడం, మంచం మీద కూర్చుని చెయ్యి విదిలిస్తే గానీ మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఆఫీసుకు చేరేసరికి కుడి అరచెయ్యి జివ్వుమంటూ ఉండడం, అన్నీ విన్నాను. చివర్లో "ఇక బండి అమ్మేస్తాను రా" అన్నావు చూడు, అక్కడ నా మనసు ఆగలేదు. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో క్రికెట్ మొదలుపెడతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు. చెల్లెమ్మకి కూడా చూపించు, తన టెన్షన్ కూడా కొంచెం తగ్గుతుంది.

ముందు ఒక పని చెయ్యి. ఈసారి తిమ్మిరి పట్టినప్పుడు అది ఏయే వేళ్లకు పట్టిందో చూడు. "చెయ్యంతా" అనకు, రేపు డాక్టరు దగ్గరా అదే అంటావు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో నడిమి వేలి వైపు సగం అయితే అది మీడియన్ నరం. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో చిటికెన వేలి వైపు సగం అయితే అల్నార్ నరం. రెండూ వేరు, నొక్కుకుపోయే చోట్లూ వేరు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ ఎడమ చెయ్యి ఒక కథ, కుడి చెయ్యి ఇంకో కథ అనిపిస్తోంది.

ఎడమ చేతి సంగతి చెబుతాను. మణికట్టు దగ్గర అడుగున, పక్కల ఎముకలు ఉంటాయి, పైన గట్టి లిగమెంట్, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, ఉంటుంది. మధ్యలో మిగిలిన ఆ ఇరుకు దారే కార్పల్ టన్నెల్. వేళ్లను మడిచే 9 టెండన్లూ (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితో పాటు మీడియన్ నరమూ ఆ దారిలోంచే వెళ్లాలి. మణికట్టు తిన్నగా ఉన్నంతసేపు లోపల ఒత్తిడి తక్కువగా ఉంటుంది. కిందికి వంచినా, వెనక్కి విరిచినా పెరుగుతుంది. పగలంతా క్లచ్ నొక్కీ నొక్కీ లోపల కొంచెం వాచిందంటే నరానికి చోటు చాలదు. రాత్రి నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు మడిచి పడుకుంటాం, దాంతో తెల్లవారుజామున లేపేస్తుంది. విదిలిస్తే తగ్గడం కూడా దీనికి బాగా తెలిసిన గుర్తే.

ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటి ఉంది. రెండు అరచేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేల వైపు ఉండేలా మణికట్లు మడిచి 60 సెకన్లు ఆగు. ఆ మూడున్నర వేళ్లకు తిమ్మిరి మొదలైతే అనుమానం బలపడినట్టే. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనే ఈ జబ్బును 1950లలో డాక్టర్లందరి దృష్టికీ తెచ్చిన అమెరికన్ సర్జన్ జార్జ్ ఫాలెన్ పేరు మీద దీన్ని ఫాలెన్ టెస్ట్ అంటారు. అలాగని దీనితోనే జబ్బు ఖాయమైపోదు, తిమ్మిరి రాకపోయినా జబ్బు లేదని కాదు.

కుడి చెయ్యి వేరే లెక్క. అక్కడ క్లచ్ లేదు. నువ్వు చెప్పిన ఆ జివ్వుమనడం, బండి దిగాక కూడా కాసేపు అలాగే ఉండడం వైబ్రేషన్ వల్ల వచ్చేదిలా ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకు. జపాన్‌లో మోటార్‌సైకిల్ మీద ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్ల చేతుల్లో ఈ వైబ్రేషన్ జబ్బును అక్కడి డాక్టర్లు చూసి, నమోదు చేశారు. ముదిరితే చలికి వేళ్లు తెల్లగా పాలిపోతాయి. నీకు అంతదాకా రాలేదు, రానివ్వకూడదు. చిటికెన వేలు కూడా మొద్దుబారుతోందా? అలా అయితే అరచేతి అంచు, చిటికెన వేలి వైపు ఉండే కండ, గ్రిప్‌కి గట్టిగా ఒత్తుకుంటోందన్నమాట. అల్నార్ నరం వెళ్లేది సరిగ్గా అక్కడే. సైకిల్ తొక్కేవాళ్లకు ఇది మరీ ఎక్కువ.

ఇదంతా నాకెలా తెలుసంటావా? నా మెడికల్ రెప్ ఉద్యోగం తెలుసుగా. శాంపిళ్ల బ్యాగు వేసుకుని రావులపాలెం, అమలాపురం, కొన్ని రోజులు కాకినాడ, కొన్ని రోజులు రంపచోడవరం. పోయిన వానాకాలంలో నాకూ ఇదే వచ్చింది. రాత్రి భోజనం దగ్గర అన్నం కలుపుతుంటే బొటనవేలి కింద మంట. నేను మందులు చెప్పడానికి వెళ్లే ఎముకల డాక్టరు గారినే అడిగాను. ఆయన చెయ్యి కూడా పట్టుకోలేదు. "ముందు ఈ స్టూల్ మీద కూర్చుని, నువ్వు బండి మీద ఎలా కూర్చుంటావో చూపించు" అన్నారు. చూపించాను. మోచేతులు బిగుసుకుని, నడుం వాల్చి, భుజాల బరువంతా అరచేతుల మీదికి. "చేతులు బండి తిప్పడానికి, నిన్ను మొయ్యడానికి కాదు" అన్నారు. ఇక మందులన్నీ, పరీక్షలన్నీ ఆ మాట తర్వాతే నాకు.

కాబట్టి నువ్వు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టు. బరువు మొయ్యాల్సింది సీటు, ఫుట్‌రెస్ట్‌లు, నీ తొడలు, నడుం. మోకాళ్లతో ట్యాంకును కొంచెం నొక్కి పెట్టుకుంటే బ్రేక్ వేసినప్పుడు ఒళ్లు ముందుకు జారదు. ఒళ్లు జారకపోతే చేతులు అడ్డం పెట్టాల్సిన పని ఉండదు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ మోచేతులు పైకీ కిందికీ ఆడించి చూడు, హ్యాండిల్ మీద పట్టు వదలకుండానే. ఆడితే సరే. ఆడకపోతే నీ బరువంతా చేతుల మీదే ఉంది. ఇక పట్టు ఎంత ఉండాలంటే, కోడిపిల్లను పట్టుకున్నంత ఉండాలి. జారిపోకూడదు, నలిగిపోకూడదు. నువ్వేమో లారీ పక్కన కనబడితే చాలు, గ్రిప్‌ను పిండేస్తావు, నీ వెనక కూర్చున్నవాడిని కదా, నాకు తెలుసు.

వీపున ఆ లాప్‌టాప్ బ్యాగు తీసెయ్. నిజంగా చెబుతున్నాను. ఆ బరువు భుజాలను కిందికి లాగుతుంది, ఆ భుజాల బరువు మళ్లీ మణికట్టుకే వస్తుంది. వెనక సీటు మీద కట్టుకో, లేదా పక్కకి బ్యాగులు పెట్టించుకో. నాకైతే ఈ ఒక్క మార్పుతోనే తేడా తెలిసింది.

ఇప్పుడు క్లచ్. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీ అసలు కష్టం ఇక్కడే ఉందని నా నమ్మకం. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి టూ వీలర్లను రానివ్వరు కాబట్టి ఉప్పల్ నుంచి గచ్చిబౌలి దాకా ఊరి మధ్యలోంచే పోవాలి నువ్వు. తార్నాక, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. ఆ దారిలో క్లచ్ నొక్కని నిమిషం ఉంటుందా? అంతసేపు నొక్కే లివర్ ఎంత తేలిగ్గా ఉండాలి! నీ పాత 350 సీసీ బండి క్లచ్ నేను సంక్రాంతికి పట్టి చూశాను, రాయిలా ఉంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లి ముందు క్లచ్ వైర్ చూపించు. లోపల పోగులు తెగినా, తుప్పు పట్టినా, ఎక్కడైనా వైరు మరీ వంపు తిరిగి నొక్కుకుపోయినా లివర్ బరువెక్కుతుంది. పాతదైతే మార్పించెయ్, దానికి పెద్ద ఖర్చేం కాదు. కొత్తది వేశాక వైరు దారి తిన్నగా ఉందో లేదో చూడమను, హ్యాండిల్ ఇటూ అటూ తిప్పినప్పుడు బిగుసుకోకూడదు. ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పని మొదలయ్యే ముందు లివర్ ఖాళీగా కదిలే దూరం, నీ బండి మాన్యువల్‌లో రాసినంతే పెట్టించు. ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంటే లివర్ ఎంత నొక్కినా క్లచ్ పూర్తిగా వదలదు, గేర్లు పడవు, ఇంకా గట్టిగా నొక్కుతావు. అసలు లేకపోతే ప్లేట్లు అరిగిపోతాయి. వైరు మార్చినా బరువు తగ్గకపోతే అప్పుడు లోపల చూడాలి.

తర్వాత లివర్ కోణం. ఇది డబ్బులు లేని వైద్యం, దీన్ని చాలామంది పట్టించుకోరు. బండి మీద మామూలుగా కూర్చుని, చేతులు గ్రిప్‌ల మీద పెట్టి, వేళ్లు చాపు. ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండాలి. లివర్ ఆ గీతలోనే వేళ్లకు అందాలి. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు పెట్టిన కోణం నీ ఎత్తుకు, నీ చేతికి సరిపోవాలని లేదు. లివర్ మరీ పైకి ఉంటే నొక్కినప్పుడల్లా మణికట్టు వెనక్కి విరుగుతుంది. బ్రాకెట్ బోల్టు కొంచెం లూజ్ చేసి, కొద్దిగా తిప్పి, మళ్లీ బిగించాలి. అదే పద్ధతి బ్రేక్ లివర్‌కీ. బిగించాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఏదీ ట్యాంకుకు తగలట్లేదని చూసుకో.

సిగ్నల్ దగ్గర న్యూట్రల్. ఎన్నిసార్లు చెప్పినా నువ్వు ఫస్ట్ గేర్లో క్లచ్ పట్టుకునే ఉంటావు. ముందు వెళ్లాలన్న ఆత్రం వదిలెయ్. ఆ నిమిషమో రెండు నిమిషాలో చేతికి దొరికే విశ్రాంతి అదొక్కటే. చెయ్యి కిందికి వేలాడేసి వేళ్లు మెల్లగా మూసి తెరువు, చాలు.

కుడి చేతి వైబ్రేషన్‌కి నేను చెప్పేది కొంచెమే. ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), చైన్ టెన్షన్, టైరు గాలి చూపించు. హ్యాండిల్ చివర వేసే బరువులు ఉంటాయి, అవి ఉపయోగమే. స్పాంజి గ్రిప్‌లు వేయించుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త, మరీ లావుగా ఉంటే చిన్న చేతివాళ్లు ఇంకా గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది. నీ చేతులు చిన్నవే. గ్లవ్స్ కూడా అంతే, బిగుతుగా ఉంటే అవే తిమ్మిరి తెప్పిస్తాయి. యాక్సిలరేటర్‌కి తగిలించే ఆ ప్లాస్టిక్ రెక్క కొంటానన్నావు కదా, సిటీలో అది వద్దు. అరచెయ్యి పొరపాటున దాని మీద పడితే చాలు, బండి ముందుకు ఉరుకుతుంది.

ఇంట్లో నువ్వు చేస్తున్న వైద్యం గురించి కూడా చెప్పాలి. క్రేప్ బ్యాండేజ్ బిగించి పడుకుంటున్నానన్నావు. అసలే నరానికి చోటు లేదంటే పైనుంచి ఇంకా బిగిస్తావా? దాని బదులు మణికట్టు తిన్నగా ఉంచే స్ప్లింట్ మెడికల్ షాపులో దొరుకుతుంది, రాత్రిపూట వదులుగా వేసుకుని పడుకో. బండి మీద మాత్రం వేసుకోకు, లివర్ మీద పట్టు తప్పుతుంది. రబ్బరు బంతి పిసకడం ఆపెయ్, తిమ్మిరి ఉన్నప్పుడు అది మేలు చెయ్యదు. ఇక ఆ నొప్పి బిళ్లలు. మందులు అమ్ముకునేవాడిని నేనే చెబుతున్నాను, డాక్టరు చెప్పకుండా డైక్లోఫెనాక్ రోజూ మింగకు. కడుపుకీ, కిడ్నీకీ చేటు. పైగా నొప్పి తెలియకపోతే ఇంకా ఎక్కువ దూరం నడుపుతావు, లోపల నరం నలుగుతూనే ఉంటుంది.

బండి సరిచేసుకోమన్నాను కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వెయ్యకు బావా. ఈ రెండూ కలిసి నడవాలి. షుగర్, థైరాయిడ్ పరీక్ష చేయించు, రెండింటికీ ఈ జబ్బుతో సంబంధం ఉంది, మీ నాన్నగారికి షుగర్ ఉన్న సంగతి నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. మెడ కూడా చూడమను, మెడలో నరం నొక్కుకున్నా తిమ్మిరి చేతికే దిగుతుంది. అవసరమనుకుంటే నర్వ్ కండక్షన్ టెస్ట్ రాస్తారు, నరం ఎక్కడ, ఎంత దెబ్బతిందో అందులో తెలుస్తుంది. టీ గ్లాసు చేతిలోంచి జారుతోందా, చొక్కా గుండీలు పెట్టడం కష్టమవుతోందా, బొటనవేలి మొదట్లో కండ పల్చబడిందా? వీటిలో ఒక్కటున్నా ఇవాళే వెళ్లు. అప్పటిదాకా బండి తియ్యకు, మొద్దుబారిన వేళ్లకు బ్రేక్ ఎంత నొక్కామో తెలియదు.

ఆపరేషన్ అంటే భయపడుతున్నావని చెల్లెమ్మ చెప్పింది. చాలామందికి అంతదాకా రాదు. వచ్చినా ఆ లిగమెంట్ కోసి నరానికి చోటిచ్చే చిన్న ఆపరేషన్, చాలాసార్లు చెయ్యి వరకే మత్తిచ్చి, అదే రోజు ఇంటికి పంపేస్తారు. నీకు ఇష్టమైన మోటోజీపీ బైక్ రేసరు డానీ పెడ్రోసా గుర్తున్నాడా? 2015లో సీజన్ మొదటి రేసు కాగానే ముంజేతికి ఆపరేషన్ చేయించుకున్నాడు. అతనిది వేరే జబ్బు, ముంజేయి కండరాలు ఉబ్బి బిగుసుకుపోయే 'ఆర్మ్ పంప్'. కానీ అంత పెద్ద రేసరు కొన్ని రేసులు వదులుకుని చెయ్యి బాగుచేసుకుని, అదే ఏడాది మళ్లీ గెలిచాడు. నీకు ఆఫీసుకి కొన్నాళ్లు మెట్రోలో వెళ్లడానికి ఏమిటి అభ్యంతరం? నాగోల్ నుంచి రాయదుర్గం దాకా బ్లూ లైన్ ఉంది, ఉప్పల్ మీదుగానే కదా.

పండక్కి బండి మీదే వస్తానన్నావు. రాజమండ్రి 400 కిలోమీటర్లకు పైనే. చెయ్యి ఈలోగా కుదుటపడితేనే రా. అప్పుడు కూడా గంటకోసారి ఆగి చేతులు దులుపుకుంటూ, సూర్యాపేటలో టిఫిన్, విజయవాడలో రాత్రికి మా తమ్ముడి ఇంట్లో పడక. కుదరకపోతే రైలెక్కు, స్టేషన్‌కి నేనొస్తాను.

ఈ వారంలో డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుని, ఏయే వేళ్లో, ఫాలెన్ టెస్ట్‌లో ఏం తెలిసిందో మెసేజ్ పెట్టు. బండి మీద కూర్చున్న ఫొటో ఒకటి పక్కనుంచి తీయించి పంపు, మోచేతులు కనబడేలా. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ బావ