'విండ్ అండ్ ట్రూత్' చదువుతున్నవాళ్ళకి

ఫ్రెండ్స్, ఈ పుస్తకంలో భాష బాలేదని, కథ సాగదీశారని నిన్న రాత్రి మన గ్రూపులో జరిగిన గొడవ మొత్తం ఇప్పుడే చదివాను. ఒక్క మాట చెప్పాలనిపించింది. 2010లో మొదలైన బ్రాండన్ సాండర్సన్ ఫాంటసీ సిరీస్ స్టార్మ్‌లైట్ ఆర్కైవ్‌కి ఇది ఐదో పుస్తకం, నాలుగోది 2020లో వస్తే ఇది 2024 డిసెంబర్‌లో వచ్చింది, అంటే నాలుగేళ్ళు ఎదురుచూశాం కాబట్టి నచ్చనివాళ్ళకి కోపం రావడం సహజమే. కథానాయకుల్లో ఒకడైన కలాడిన్ నోట 'థెరపిస్ట్' అన్న మాట వినగానే నాకూ చివుక్కుమంది. అంతసేపూ ఆ లోకంలో ఉన్నదాన్ని, ఎవరో భుజం తట్టి లేపినట్టయింది. భాష మరీ ఇప్పటి మాటల్లా ఉందన్నవాళ్ళతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

కానీ అదే కలాడిన్ ఫ్లూట్ పట్టుకుని తడబడుతూ నేర్చుకునే చోట నాకు కళ్ళు చెమర్చాయి. మొదటి పుస్తకంలో చేతికొచ్చిన ఫ్లూట్ అది! ఈటె పట్టడమే అలవాటైన మనిషి ఊపిరి బిగబట్టి ఒక్కో స్వరం వెతుక్కోవడం, దాన్ని 'సాగదీత' అని ఎలా అంటారండీ?

ఒక్క రిక్వెస్ట్. కథంతా పది రోజులుగా విడిపోయి ఉంది కదా, మీరు ఎన్నో రోజు వరకు చదివారో మెసేజ్ మొదట్లోనే రాయండి. నిన్న ముగింపు గురించి ఎవరో బయటపెట్టేస్తే, ఇంకా మూడో రోజులోనే ఉన్న ఒకమ్మాయి గ్రూపు వదిలి వెళ్ళిపోయింది. తనని మళ్ళీ పిలిచాను, వస్తానంది.