చంద్రగిరి కోట దగ్గర అద్దాల మేడ వద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

చంద్రగిరి కోట చూడవచ్చేవాళ్ల కోసం ఒక సందర్శకుల భవనం ఉంటే బాగుండునని ఇక్కడ చాలామందిమి అనుకుంటుంటాం. శ్రీనివాసమంగాపురంలో స్వామిని చూసుకుని ఇటు వచ్చేవాళ్లు కాసేపు నీడన కూర్చుని, మంచినీళ్లు తాగి, కోట కథ నాలుగు ముక్కలు తెలుసుకుని లోపలికి వెళ్లేలా ఒక చోటు కావాలి. ముప్ఫై ఏళ్లు బడిపిల్లల్ని వెంటబెట్టుకుని పాత గుళ్లూ కోటలూ తిప్పినవాణ్ణి, ఆ అవసరం నాకు తెలుసు. ఒకచోట మరుగుదొడ్లు లేవని తెలిసి ఆడపిల్లలు సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు ముట్టలేదు. పొద్దున అమ్మలు నింపి ఇచ్చిన సీసాలు నిండుగానే ఇంటికి చేరాయి. కాబట్టి భవనం కావాలి. నా దిగులంతా దాన్ని ఎలా కడతారన్నదాని మీదే.

ఎలా కట్టాలో నేర్పడానికి రాజమహల్ ఎదురుగానే ఉంది. పెనుకొండ తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు ఇది. మూడంతస్తుల ఆ మేడను రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు, కలప వాడలేదు. మే నెల మిట్టమధ్యాహ్నం బయట బండల మీద చెప్పులు లేకుండా అడుగు పెట్టలేం. లోపలికి వెళ్లి గోడకు అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది. మా పిల్లలైతే వీపులు ఆనించి వరసగా నిలబడిపోయేవాళ్లు, కదలమన్నా కదిలేవాళ్లు కాదు. గోడ అంత మందం కాబట్టి పగటి వేడి లోపలి ముఖానికి చేరేసరికి పొద్దు గుంకుతుంది. కమానుల్లోంచి గాలి ఆడుతుంది.

ఇప్పుడు మనం కడుతున్నవి చూడండి. ఆ మధ్య పింఛను పని మీద తిరుపతిలో ఒక కార్యాలయానికి వెళ్లాను. పడమటి ముఖం, ముందుభాగమంతా అద్దాలు. ఎండకు ఓర్వలేక ఉద్యోగులు ఆ అద్దాలకు పాత పేపర్లు, క్యాలెండర్లు, థర్మాకోల్ అట్టలు అంటించుకున్నారు. లోపల చీకటి. పట్టపగలు ట్యూబులైట్లు వేసుకుని, ఏసీ నడుపుకుంటూ కూర్చున్నారు పాపం. వాళ్లను అని ఏం లాభం? అలాంటిది కోట ముందు లేస్తే చూడలేను.

మా తాత బేల్దారి. గానుగ సున్నం పని ఆయన చెబుతుంటే విన్నాను. గుండ్రటి రాతి కాలువలో సున్నం, ఇసుక పోసి, ఎద్దులతో రాతిచక్రం తిప్పించేవాళ్లు. కరక్కాయలు నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. రెండు వేళ్ల మధ్య రాస్తే వెన్నలా జారితే గానీ తాత ఎద్దుల్ని విప్పనిచ్చేవాడు కాదట. ఆ గానుగ రాయి మా పాత ఊళ్లో వేపచెట్టు కింద ఇప్పటికీ ఉంది.

ఇది పాతకాలం మీద మోజుతో చెబుతున్న మాట అనుకోవద్దు. సున్నపురాయి కాల్చడానికి సుమారు 900 డిగ్రీల వేడి చాలు, సిమెంటు బట్టీకి 1,450 దాకా కావాలి. ప్రపంచంలో మనం గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడులో ఇంచుమించు 7, 8 శాతం సిమెంటు తయారీదే. సున్నం గోడ గట్టిపడేటప్పుడు ఆ వాయువును కొంత తిరిగి పీల్చుకుంటుంది. తేమను పట్టి ఉంచకుండా బయటికి వదులుతుంది. మరుగుదొడ్ల దగ్గర, నీళ్ల ట్యాంకు దగ్గర సిమెంటు అసలే వద్దని నేననను. మిగతా గోడలకు దాని అవసరమేముంది?

స్థలం సంగతి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. భవనం రోడ్డు వైపు దూరంగానే ఉండనివ్వండి, ఒక్క అంతస్తు చాలు, నడుమ ముంగిలి వదలాలి. అక్కడి నుంచి కోట దాకా నడిచే దారికి రెండువైపులా వేప, కానుగ మొక్కలు పెట్టాలి. ఆ మొక్కలు భవనం కంటే ముందే నాటాలి, భవనం తెరిచేనాటికి కాస్తయినా నీడ ఉంటుంది. సోలార్ పలకలు బండ్లు నిలిపే షెడ్డు మీద పెడితే రాజమహల్ మిద్దె మీది నుంచి చూసేవాళ్ల కంటికి అడ్డం రావు. పునాదులకు మాత్రం పెద్ద యంత్రాలు దించకండి. 2010 మే 26 రాత్రి శ్రీకాళహస్తి గాలిగోపురం కూలిపోవడం చూసినవాళ్లం, పాత కట్టడం దగ్గర గునపం మోత వినిపించినా మాకు గుండె ఝల్లుమంటుంది.

నీళ్ల సంగతీ ముందే ఆలోచించాలి. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి ఎలా పొంగిందో చూశాం. మళ్లీ ఏప్రిల్ వస్తే ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు. ముంగిలంతా సిమెంటు పోసేస్తే కొండ మీది నుంచి వచ్చే నీళ్లు రోడ్డెక్కుతాయి. బండలు పరిచి, సందుల్లో ఇసుక నింపి వదిలేస్తే నేల తాగుతుంది.

ఈ పని అసలు చెడేది టెండరు కాగితంలో. అందులో సున్నం అని రాయకపోతే కాంట్రాక్టరు సిమెంటు బస్తాలే దింపుతాడు, అది ఆయన తప్పు కూడా కాదు. సున్నం పని నిదానం. రోజుల తరబడి తడి ఆరకుండా చూసుకోవాలి, వానల్లో పని సాగదు. గడువు ఆ లెక్కన ఇవ్వాలి. పాత కట్టడాల మరమ్మతులు చేసే మేస్త్రీల దగ్గర మన ఊరి కుర్రాళ్లు పదిమందికి పని నేర్పే ఖర్చు కూడా అందులోనే చేర్చాలి.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. టెండరు పిలవకముందు రోడ్డు పక్కన పది అడుగుల గోడ గానుగ సున్నంతో, దాని పక్కనే అంతే గోడ సిమెంటుతో కట్టించండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం జనాన్ని తాకి చూడనివ్వండి. గానుగ రాయి కావాలంటే వేపచెట్టు కింద ఉంది, ఊరివాళ్లను నేను ఒప్పిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా