రోజులో మొదటి బ్రేకు మన గేటు ముందు పడకూడదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పిల్లల్ని లోపలికి పంపడం నాకు అలవాటు. మొన్న బాగా చలిగా ఉన్న రోజున ఒక కారు కీచుమంటూ వచ్చి, ఆగాల్సిన గీత దాటి మూరెడు ముందుకొచ్చి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అక్కడికి నాలుగడుగుల దూరంలో రెండో తరగతి పాప వంగి షూ లేసు కట్టుకుంటోంది. కారు నడుపుతున్న తండ్రి స్పీడుగా ఏమీ రాలేదు. "బ్రేకు ఎప్పట్లా పట్టలేదు మేడమ్" అంటుంటే ఆయన చేతులు వణుకుతున్నాయి.

ఆయన చెప్పింది నిజమే. రాత్రంతా బయట ఉన్న కారుకి చక్రాలతో పాటు తిరిగే బ్రేకు డిస్కుల మీద తేమ చేరుతుంది. అవి ఇనుపవి కాబట్టి తెల్లారేసరికి పల్చగా తుప్పు పడుతుంది. మొదట రెండు మూడుసార్లు తొక్కినప్పుడు డిస్కులను నొక్కి పట్టే ప్యాడ్లు ఆ తడినీ తుప్పునీ గీకేస్తాయి. మనకు వినిపించే గరగర అదే. ఆ తర్వాతే బ్రేకు పూర్తిగా పడుతుంది. ఇల్లు దగ్గరైనవాళ్లకు ఆ మొదటి బ్రేకు సరిగ్గా పిల్లలు గుమిగూడే చోటే పడుతోంది. అందుకే అడుగుతున్నాను: బయల్దేరగానే, వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు తొక్కి చూడండి. అర నిమిషం పని.

బ్రేక్ ఆయిల్ కూడా చూపించుకోండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చలికి చిక్కబడుతుంది. చాలా కార్లకు 2 ఏళ్లకోసారి మార్చాలి. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే మాత్రం ఆ కారులో పిల్లల్ని ఎక్కించకండి, ముందు మెకానిక్‌కి చూపించండి. చలికి టైర్లలో గాలి కూడా తగ్గుతుంది, బండి కదలకముందే కొలిపించండి.

బ్రేకులు ఎంత బాగున్నా రోడ్డు తడిగా ఉంటే బండి ఆగడానికి దాదాపు రెట్టింపు దూరం కావాలి. మంచు గడ్డకట్టిన రోడ్డు మీద అయితే 10 రెట్ల దాకా పట్టొచ్చు. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. పిల్లాడు అడ్డొచ్చాడని గమనించి కాలు పెడల్ మీద పెట్టేలోపే ఆ 10 మీటర్లు అయిపోతాయి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కార్లలో గట్టిగా తొక్కితే పెడల్ టకటకా అదురుతుంది. కంగారుపడి కాలు తీయకండి, అలాగే నొక్కి ఉంచండి. పొగమంచులో హై బీమ్ వేస్తే ఆ వెలుగు తిరిగి మన కళ్లలోనే పడుతుంది, డిమ్ లైట్లే మేలు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. పిల్లలకు లావుపాటి జాకెట్ వేసి దాని మీద సీటు బెల్టు పెడితే, బిగుతుగా ఉన్నట్టు కనిపిస్తుందే గానీ లోపల వదులుగానే ఉంటుంది. జాకెట్ విప్పి బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పండి.

ఆలస్యమవుతుందన్న టెన్షన్‌తోనే చాలామంది తొందరపడుతున్నారని నాకు తెలుసు. అందుకని సోమవారం నుంచి గేటు 15 నిమిషాలు ముందే తెరుస్తాం. చలి తగ్గేదాకా, 10 నిమిషాల వరకు ఆలస్యమైన పిల్లలను నేరుగా క్లాసుకి పంపిస్తాం, కారణం అడగం. కార్లు ఆగే గీతను గేటుకి ఇంకాస్త దూరంగా కొత్తగా గీయించాం. దయచేసి అక్కడే ఆపి, పిల్లల్ని ఫుట్‌పాత్ వైపు దించండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు