వీల్‌చైర్ రగ్బీకి చోటివ్వండి: కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారములు.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో మనవాళ్ళు 29 పతకాలు గెలిచినప్పుడు, ముఖ్యంగా వరంగల్ జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజి పరుగు చూసి, అందరిలాగే నేనూ పొంగిపోయాను. అయితే వాటిలో బంతితో ఆడే జట్టు క్రీడకు వచ్చిన పతకం ఒక్కటీ లేదు. అదే పారిస్‌లో, రియోలోనూ టోక్యోలోనూ కాంస్యం దగ్గరే ఆగిన జపాన్, వీల్‌చైర్ రగ్బీ ఫైనల్లో అమెరికాను 48-41తో ఓడించి స్వర్ణం అందుకుంది. మన దేశం పారాలింపిక్స్‌లో ఈ ఆట ఇంతవరకు ఆడనే లేదు.

వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో చేతుల బలం కూడా తగ్గినవారికి చోటు దొరకడం కష్టం. అలాంటివారే 1970లలో కెనడాలోని విన్నిపెగ్‌లో, జట్టుకు నలుగురు చొప్పున చక్రాల కుర్చీల్లో బంతిని గోల్ గీత దాటించే ఈ ఆటను తమ కోసం తయారు చేసుకున్నారు. తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికులు, బైకు ప్రమాదాల్లో మెడ దెబ్బతిన్నవారు, ఎండాకాలం బావిలోకి తలకిందులుగా దూకిన కుర్రాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. నేను మూడో కోవకు చెందినవాణ్ణి.

ఈ ఆటలో నన్ను కట్టిపడేసింది పాయింట్ల నియమం. చేతులు, మొండెం ఎంత కదులుతాయో పరీక్షించి ఒక్కొక్కరికి 0.5 నుంచి 3.5 వరకు పాయింట్లు ఇస్తారు; కదలిక ఎక్కువ ఉన్నవారికి ఎక్కువ పాయింట్లు. కోర్టులో ఉన్న నలుగురి మొత్తం 8 దాటకూడదు, మహిళ ఆడుతుంటే మరో అర పాయింటు వెసులుబాటు ఉంటుంది. 3.5 ఆటగాళ్ళను ఇద్దరిని దింపిన కోచ్‌కు మిగిలేది ఒక్క పాయింటే కాబట్టి, తక్కిన రెండు స్థానాల్లో 0.5 వాళ్ళను ఆడించక తప్పదు. వాళ్ళు లెక్క నింపడానికి వచ్చినవారనుకుంటే పొరపాటే. వాళ్ళ కుర్చీ ముందు పొడుచుకు వచ్చిన బంపరుతో ఎదుటి జట్టు మేటి ఆటగాడి కుర్చీని పట్టి నిలబెడితేనే, బంతి పట్టుకున్నవాడికి గోల్ గీత దాకా దారి దొరుకుతుంది. వేళ్ళు సరిగా ముడవలేని మనిషి లేకుండా గెలవలేని ఆట ఇంకొకటి నేను చూడలేదు.

ఢీకొట్టుకోవడం ఇందులో భాగం కనుక, సహాయ ఉపకరణాల పథకం కింద వచ్చే మడత కుర్చీ పనికిరాదు. గట్టి ఫ్రేముతో, ఏటవాలు చక్రాలతో చేయించే రగ్బీ కుర్చీని పింఛను మీద బతికేవాడు కొనలేడు. షటిల్ ఆడేవాణ్ణి నెట్టు ఇంటి నుంచి తెచ్చుకోమని ఏ స్టేడియమూ అడగదు కదా! రాష్ట్రానికి ఒక్క ఇండోర్ స్టేడియంలోనైనా, రెండు జట్లకు సరిపడా ఎనిమిది కుర్చీలను ప్రభుత్వ ఆస్తిగా ఉంచి, వారానికి రెండు పూటలు కోర్టు కేటాయించండి. మెడ గాయమైనవారికి చెమట సరిగా పట్టక ఒళ్ళు ప్రమాదకరంగా వేడెక్కుతుంది కాబట్టి, ఆ కోర్టుకు ఏసీ సౌకర్యం తప్పనిసరి.

దివ్యాంగులు క్రీడల్లో పాల్గొనేలా చర్యలు తీసుకునే బాధ్యతను 2016 నాటి హక్కుల చట్టం, 30వ సెక్షన్‌లో, ప్రభుత్వాల మీదే పెట్టింది. అయినా 2023లోనూ 2025లోనూ జరిగిన ఖేలో ఇండియా పారా గేమ్స్‌లో ఈ ఆట లేదు. రాబోయే పోటీల జాబితా ఖరారు చేసేటప్పుడు దీన్ని చేర్చవలసిందిగాను, పాయింట్లు నిర్ణయించే నిపుణులకు గ్వాలియర్‌లోని దివ్యాంగ క్రీడా శిక్షణ కేంద్రంలో శిక్షణ మొదలుపెట్టించవలసిందిగాను కోరుతున్నాను.

భవదీయుడు,
హనుమకొండ నుంచి ఒక వీల్‌చైర్ వినియోగదారుడు