ఉత్తరం సందులో మే ఎండ

సంపాదకులకు నమస్కారం.

నీడలో ఏళ్ల తరబడి బతికే మొక్కల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు కళ్లకి చల్లగా ఉన్నాయి. కానీ అందులో అన్నిటికన్నా ముందు చెప్పిన హోస్టా మొక్క మా వైపు పనికిరాదు. అది జపాన్, చైనా, కొరియాల మొక్క. చలికాలంలో వారాల తరబడి గట్టి చలి తగిలి నిద్రపోతేనే మళ్లీ సరిగా చిగురిస్తుంది. మా కావలిలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా ఒక దుప్పటి చాలు. ఇక దానికి నిద్రెక్కడ పడుతుంది?

ఇంటికి ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే ఉంటుందని కూడా రాశారు. చలిదేశాల్లో అది నిజమే. మనకి మాత్రం మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. మా ఇంటికీ ప్రహరీకీ మధ్య సందులో చలికాలమంతా బట్టలు ఆరక మా అత్తగారు విసుక్కునేవారు. మే వచ్చేసరికి ఆవిడే ఆ సందులో వడియాలు పెట్టేవారు. ఫెర్న్ కుండీలు కొని ఉత్తరం వైపే కదా అని అక్కడ పెడితే రోహిణి కార్తెలో మాడి ఊరుకుంటాయి.

ఆ సందుకి సరిపోయేవి మన దుంపజాతులే. కంద, పసుపు, మామిడల్లం చలికాలంలో ఆకు పండి పడిపోయాక నేల కిందికి పోయి, ముదురు ఎండల్ని దుంపగానే గడిపేస్తాయి. తొలకరి తడి తగలగానే పైకొస్తాయి. అంటే సందులో మే ఎండ మాడ్చే రోజుల్లో నేల కింద పడుకుని, వానల నెలల్లో పెరుగుతాయన్నమాట. అన్ని దుంపలూ తవ్వెయ్యకుండా నాలుగు వదిలేస్తే మరుసటి ఏడు వాటంతట అవే లేస్తాయి. నీడలో దుంప కాస్త చిన్నగా ఊరుతుంది, అంతే.

కంద కొనేవాళ్లు గజేంద్ర రకం అడగండి, దురద తక్కువ. పాతుకుపోయిన దుంప ఒక్కోసారి ఆకు కన్నా ముందు పువ్వు తోస్తుంది. నేలకి ఆనుకుని, ముదురు ఎరుపులో ముడతలు పడిన పెద్ద గుబ్బ. మాకు వచ్చినప్పుడు ఎలక చచ్చిందనుకుని పక్కింటివాళ్లు వాళ్ల మెట్ల కిందంతా వెతుక్కున్నారు. రెండు మూడు రోజులు ముక్కు మూసుకుంటే చాలు, దాన్ని కోసి పారెయ్యక్కర్లేదు.

అసలు భయపడాల్సింది మన అక్టోబరు, నవంబరు వానలకి. మా జిల్లాకి ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే సందు కాలవైపోతుంది. దుంప ఊరే సమయం కూడా అదే. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. అందుకే జానెడు ఎత్తు మడి కట్టి, ఇసుక, మాగిన పేడ ఎరువు కలిపి నాటుకోవాలి. ఈ సంగతి మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

కనకాంబరం పేరు కూడా లేకపోవడం చూస్తే రాసినవారు మా ఊరి పూల బజారు చూసి ఉండరనిపించింది. పూటలో సగం ఎండ, సగం నీడ ఉంటే దానికి హాయి. నాటు రకం ఎండుకంకి మీద చెంబుడు నీళ్లు చల్లితే కాయలు టప్ టప్ మని పగిలి గింజలు ఎగిరి పడతాయి. మా మనవరాలికి అదో ఆట. ఎక్కడ పడ్డవి అక్కడే మొలుస్తాయి. ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు, కొమ్మే నాటుకోవాలి. తూర్పు అంచున వాము ఆకు, తడి ఆరని చోట సరస్వతి ఆకు వేసుకుంటే బజ్జీలకీ పచ్చడికీ కొనే పని ఉండదు. మల్లె మాత్రం నీడలో ఆకు వేస్తుంది కానీ పూయదు, ఆశ పడొద్దు.

మాలాగా సముద్రానికి దగ్గరున్న చోట్ల బోరు నీళ్లు ఉప్పన. కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది, ఆకు కొసలు మాడతాయి. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు. బకెట్టు పెట్టి పట్టి పోస్తే మనీ ప్లాంట్లకీ ఫెర్న్‌లకీ చక్కగా సరిపోతాయి. బయటి యూనిట్ వేడిగాలి తగిలేచోట మాత్రం ఏ మొక్కా పెట్టకండి.

మీ వ్యాసంలో అందానికి మెచ్చుకున్న డిఫెన్‌బాకియా అనే మచ్చల ఆకుల కుండీ మొక్క గురించి ఒక హెచ్చరిక వేసి ఉండాల్సింది. కంద దురదకి కారణమైన కాల్షియం ఆక్సలేట్ అనే, కంటికి కనపడని సూదుల్లాంటి పలుకులే దాంట్లోనూ ఉంటాయి. కందని చింతపండు వేసి ఉడికించి తింటాం, దీన్ని పాకే పిల్లలు పచ్చిగానే నోట్లో పెట్టుకుంటారు. నోరూ నాలుకా వాచిపోతాయి. వచ్చే ఆదివారం కనీసం ఆ ఒక్క మాటైనా సవరణగా వెయ్యండి. హోస్టా ఫొటో ఈసారికి వద్దు, ఆ జాగాలో ఏ నెలలో ఏ దుంప నాటాలో మా జిల్లా వానల లెక్కన ఇస్తే నాలాంటివాళ్లం కత్తిరించి దాచుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా