పూర్వ విద్యార్థులందరి వివరాలూ భద్రం కావాలి

సంపాదకులకు,
నమస్కారం.

ఇంగ్లాండులోని పాత పాఠశాలల్లో చదివి పైకొచ్చినవారి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఈటన్‌లో చదివిన 20 మంది బ్రిటన్ ప్రధానమంత్రులయ్యారనీ, చర్చిల్ చదివిన హారోలోనే తర్వాతి కాలంలో మన నెహ్రూ 1905 నుంచి 1907 దాకా చదివారనీ అందులో రాసినవి నిజాలే. అయితే ఒక బడి గొప్పతనాన్ని అక్కడి నుంచి వచ్చిన ప్రధానుల సంఖ్యతో తూచడం నాకు సరైన పద్ధతిగా తోచలేదు. 1440లో ఆరో హెన్రీ రాజు ఈటన్‌ను నెలకొల్పింది 70 మంది పేద విద్యార్థులకు ఉచితంగా చదువు చెప్పించడానికే. కాలక్రమంలో డబ్బు కట్టి చదివే కలవారి పిల్లల సంఖ్య వారిని ఎన్నో రెట్లు మించిపోయింది. పాలించేవారి ఇంట్లో పుట్టిన పిల్లవాడు పాలకుడైతే, అందులో ఇంటి వంతెంత, బడి వంతెంత అన్నది తేల్చకుండా ఆ ఘనతంతా బడి ఖాతాలో రాయడం న్యాయం కాదు.

బడి వంతు ఎంతో తేటతెల్లంగా కనబడే పాఠశాల ఒకటి అదే దేశంలో ఉంది. ఆ వ్యాసంలో దానికి చోటు దక్కలేదు గనుక నాలుగు మాటలు చెప్పడానికి అనుమతించండి. దాని పేరు క్రైస్ట్స్ హాస్పిటల్. 1552లో, ఆరో ఎడ్వర్డ్ రాజు కాలంలో, లండన్ నగర పౌరులు చందాలు పోగుచేసి, అంతకు ముందే మూతపడిన ఒక క్రైస్తవ మఠం భవనాల్లో దిక్కులేని పిల్లల కోసం దాన్ని తెరిచారు. మొదట చేరినవారు 380 మంది. వీధుల్లో తిరిగేవారు, తండ్రి లేనివారు, తిండికి గతిలేని ఇళ్లవారు. ఆడపిల్లలను కూడా తొలినాళ్ల నుంచే చేర్చుకున్నారు. మోకాళ్లు దాటిన నీలి కోటు, పసుపు పచ్చని మేజోళ్లు వారికి ఆనాడు ఏర్పాటు చేసిన దుస్తులు. 1902లో బడి లండన్ వదిలి ససెక్స్‌లోని హోర్షమ్‌కు తరలిపోయినా నేటి పిల్లలు సైతం అవే తొడుగుతున్నారు. ఇప్పటికీ అక్కడ ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఏమీ కట్టకుండా చదివేవారూ ఉన్నారు.

ఆ బడి పూర్వ విద్యార్థుల్లో మనలో కొందరికైనా తెలిసిన పేర్లు కవి కోల్‌రిడ్జ్, వ్యాసకర్త చార్లెస్ లాంబ్. ఇద్దరూ 1782లోనే చేరారు. కోల్‌రిడ్జ్ తండ్రి డెవన్‌లో చర్చి పూజారి. ఆయన చనిపోయిన మరుసటి ఏడాది పదేళ్లు నిండని కొడుకును తెచ్చి ఈ బడిలో వేశారు. పొద్దున ఒక ఎండు రొట్టె ముక్క, నాసిరకం బీరు ఇచ్చేవారని, ఏనాడూ కడుపు నిండేది కాదని కోల్‌రిడ్జ్ తర్వాత స్నేహితుడికి రాసుకున్నారు. పారిపోయి దొరికిన పిల్లలకు సంకెళ్లు వేసేవారని లాంబ్ రాశారు. కాబట్టి అదేదో స్వర్గమని నేను చెప్పబోవడం లేదు. ప్రధానోపాధ్యాయుడు జేమ్స్ బోయర్ బెత్తానికి పెట్టింది పేరు. కానీ, బడి దగ్గరి చెప్పులు కుట్టే ఆయన దగ్గర పనికి కుదురుతానని కోల్‌రిడ్జ్ మొండికేసినప్పుడు ఒప్పుకోకుండా చదువులో నిలబెట్టింది కూడా ఆ బోయరే. 1791లో కేంబ్రిడ్జ్ చేరిన కోల్‌రిడ్జ్ అప్పుల పాలై, రెండేళ్లకు మారుపేరుతో గుర్రపు దళంలో సిపాయిగా చేరి, అన్నలు విడిపిస్తే తిరిగివచ్చి, డిగ్రీ లేకుండానే బయటపడ్డారు. మరో నాలుగేళ్లకు, 1798లో, వర్డ్స్‌వర్త్‌తో కలిసి వెలువరించిన పుస్తకంతో ఇంగ్లీషు కవిత్వం దారినే మార్చారు.

లాంబ్ జీవితం నన్ను మరీ కదిలిస్తుంది. తండ్రి ఒక న్యాయవాది దగ్గర గుమాస్తా. ఆ న్యాయవాది పలుకుబడితోనే పిల్లవాడికి సీటు దొరికింది. తరగతిలో ముందుండేవాడే, కానీ నత్తి. విశ్వవిద్యాలయానికి వెళ్లే విద్యార్థులు చర్చి బోధకులు కావాలన్నది అక్కడి నియమం కాబట్టి, నత్తి ఉన్నవాడికి ఆ దారి మూసుకుపోయింది. పద్నాలుగేళ్లకే బడి మానేశాడు. 1792లో, మన ఉత్తర సర్కారులను అప్పటికే గుప్పిట పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో, లెక్కల విభాగంలో గుమాస్తాగా కుదిరి 33 ఏళ్లు అక్కడే పనిచేశారు. 1796లో మతిచలించిన అక్క మేరీ కన్నతల్లిని కత్తితో పొడిచి చంపింది. ఆమెను జీవితాంతం పిచ్చాసుపత్రిలో పడేయడం లాంబ్‌కు ఇష్టం లేకపోయింది. తానే పూచీపడి, పెళ్లి మానుకొని, చనిపోయేదాకా కంటికి రెప్పలా చూసుకున్నారు. ఇద్దరూ కలిసి షేక్‌స్పియర్ నాటకాలను పిల్లలకు కథలుగా చెప్పారు. పగలు కంపెనీ పద్దులు రాసిన ఆ చేతితోనే ఇంగ్లీషు వ్యాసానికి కొత్త ప్రాణం పోశారు. ఈయన పేరు ప్రధానుల జాబితాలో రాదు, ‘ఉన్నత పదవులు అలంకరించినవారు’ అనే శీర్షిక కిందా రాదు. అదే బడిలో వారికన్నా పెద్ద తరగతి చదివిన మిడిల్టన్ 1814లో కలకత్తాకు మొదటి బిషప్ అయ్యారు. పదవి లెక్కన చూస్తే ముగ్గురిలో ఆయనే పెద్దవాడు.

ఇంకా తక్కువ మందికి తెలిసిన ఇద్దరి సంగతి చెబుతాను. నావికులకు గణితం నేర్పడానికి 1673లో రెండో చార్లెస్ రాజు ఈ బడిలోనే ఒక ప్రత్యేక విభాగం పెట్టించారు. రష్యా చక్రవర్తి పీటర్ తన దేశంలో నౌకాశాస్త్రం నేర్పేవారి కోసం ఇంగ్లాండులో వెతికినప్పుడు, ఒక స్కాట్లాండ్ గణితాచార్యుడి వెంట ఆ విభాగంలో చదివిన స్టీఫెన్ గ్విన్, రిచర్డ్ గ్రైస్ అనే కుర్రవాళ్లు వెళ్లారు. ఇద్దరికీ అప్పటికి ఇరవై ఏళ్లు లేవు. 1701లో మాస్కోలో మొదలైన గణిత, నౌకాయాన పాఠశాలకు తొలి గురువులు వాళ్లే. లండన్ పేదల బడి నుంచి వెళ్లిన ఇద్దరు రష్యా నౌకాదళానికి లెక్కలు నేర్పారు. ఇలాంటి జీవితాలు నేటికీ తెలుస్తున్నాయంటే, ఆ బడి తన కాగితాలను దాచుకోవడం వల్లనే.

ఇరవయ్యో శతాబ్దం నుంచి ఒక్కరు చాలు. బార్న్స్ వాలిస్ తండ్రి వైద్యుడే అయినా పోలియో బారిన పడ్డాక ఇల్లు గడవడం కష్టమైంది. 1900లో బడిలో చేరిన వాలిస్ పదిహేడేళ్లకే చదువు ఆపి ఇంజనీరింగ్ కర్మాగారంలో పనికి కుదిరారు. లండన్ విశ్వవిద్యాలయం డిగ్రీని ప్రైవేటుగా కట్టి 1922లో, ముప్పై అయిదో ఏట అడుగుపెడుతూ, సంపాదించారు. 1943 మేలో జర్మనీ ఆనకట్టలను బద్దలుకొట్టిన, నీటి మీద గెంతుతూ వెళ్లే బాంబు ఆయన రూపొందించిందే. ఆ ఒక్క రాత్రి దాడికి వెళ్లినవారిలో 53 మంది వైమానికులు చనిపోయారు. అవతల వరదలో వెయ్యి మందికి పైగా కొట్టుకుపోయారు. వారిలో చాలామంది జర్మనీ బలవంతంగా పట్టుకొచ్చిన విదేశీ కూలీలే. ఆ వైమానికుల మరణం వాలిస్‌ను జీవితాంతం వెంటాడింది. యుద్ధం తర్వాత ప్రభుత్వం బహుమానంగా ఇచ్చిన 10,000 పౌన్లను ఆయన ముట్టుకోలేదు. వైమానిక దళంలో పనిచేస్తూ చనిపోయిన, గాయపడినవారి పిల్లలు తాను చదివిన బడిలో చదువుకునేందుకు నిధిగా ఇచ్చేశారు. పూర్వ విద్యార్థికీ బడికీ మధ్య ఉండవలసిన బంధం ఏమిటో చెప్పమంటే నేను ఈ సంగతే చెబుతాను.

ఇంతకూ ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆ బడి రిజిస్టర్లు. 1554 నుంచి చేరిన పిల్లల నమోదు పుస్తకాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. బిడ్డ పేరు, తండ్రి పేరు, ఏ పేటవాడు, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వెళ్లాడు, ఏ పనివాడి దగ్గర చేరడానికి వెళ్లాడు అన్న వివరాలు వాటిలో దొరుకుతాయి. కవికీ, పదమూడో ఏట తాపీపనికి వెళ్లిన కుర్రవాడికీ అందులో ఒక్కటే వరుస.

మనకూ అటువంటి బడులున్నాయి. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో మరొకటి వచ్చింది. పల్లె పిల్లలకు తిండి, బట్ట, పుస్తకాలు ఇచ్చి చదివించిన ఈ గురుకులాలు ఈటన్‌కు కాక క్రైస్ట్స్ హాస్పిటల్‌కు దగ్గరి చుట్టాలు. వీటి వార్షికోత్సవాల్లో ఐఏఎస్, ఐపీఎస్ అధికారులైన పూర్వ విద్యార్థుల ఫ్లెక్సీలు కడుతున్నారు. సంతోషమే. కానీ ఏఎన్ఎం అయిన అమ్మాయి, ఆర్టీసీ డ్రైవరైన అబ్బాయి, దుబాయి వెళ్లినవాడు, తొమ్మిదిలోనే మానేసి పత్తి చేలకు వెళ్లిన పిల్ల ఏమయ్యారో చెప్పే కాగితం బడిలో ఉండదు.

ఉపాధ్యాయుడిగా నేను ఏళ్ల తరబడి అడ్మిషన్ రిజిస్టర్లు రాశాను. పుట్టిన తేదీ, సంరక్షకుడి వృత్తి, పుట్టుమచ్చలు, చేరిన తరగతి, చివరి గడిలో ‘బడి మానిన కారణం’. ఆ ఆఖరి గడిలో ‘తండ్రి వలస’, ‘వివాహం’, ‘చాలాకాలం గైర్హాజరు’ అని రాయవలసి వచ్చినప్పుడల్లా ఆ బిడ్డ తర్వాత ఏమవుతుందో ఎవరూ రాసుకోరన్న బాధ ఉండేది. నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో పాత రిజిస్టర్లు సగం చెదలపాలయ్యాయి, మిగిలిన సగం పాత కాగితాలతో కలిపి తూకానికి పోయాయి. డెబ్భై ఏళ్లు దాటిన పూర్వ విద్యార్థి ఒకరు పుట్టిన తేదీ ధ్రువీకరణ కోసం వస్తే ఉత్త చేతులతో పంపాల్సి వచ్చింది. బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్‌లో ఇప్పుడు అన్నీ నమోదవుతున్నాయి కదా అనవచ్చు. అందులో ఉండేది బడిలో ఉన్నంత కాలపు సమాచారం మాత్రమే. పాత తరాల మాట సరేసరి.

అందువల్ల రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. గురుకులాల్లో, పాత జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో మిగిలిన అడ్మిషన్ రిజిస్టర్లను వెంటనే స్కాన్ చేయించి, ఒక ప్రతిని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంచాలి. బడులను విలీనం చేసేటప్పుడు ఫర్నిచర్‌తో పాటు రిజిస్టర్లను కూడా జాబితా రాసి అప్పగించాలని స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ఒక్కొక్క బ్యాచ్‌లోని పిల్లలు బడి వదిలిన పదేళ్లకు ఏం చేస్తున్నారో, వారి సమ్మతితో, మధ్యలో మానేసినవారిని కూడా కలుపుకొని నమోదు చేసే బాధ్యతను పూర్వ విద్యార్థుల సంఘాలకు అప్పగించాలి. కులం, చిరునామా వంటి వ్యక్తిగత వివరాలు బయటకు పొక్కకుండా కట్టుదిట్టం చేయాలి. పాత దస్తూరీ చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించే పనికి మనుషులు లేరంటే, నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. పిలిస్తే జీతం అడగకుండా వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
నల్గొండ.